పాత ఫెరారీ కారు సంరక్షణము

ఇటలీ దేశమున మోడెనా నగరమునకు సమీపముననున్న మరనెల్లో అను చిన్న ఊరు ఫెరారీ కార్లకు పుట్టినిల్లు. ఆ కర్మాగారము 1975వ సంవత్సరమున పారిస్ మోటారు ప్రదర్శనమునందు లోకమునకు చూపిన 308 జి.టి.బి. అను కారును గూర్చి మనవిచేయుదును. ఈ రకపు కార్ల తయారీ 1985లో నిలిచిపోయినది. కావున నేడు మిగిలియున్న వానిలో నలువది ఏండ్లకు తక్కువ వయస్సు గలది లేదు. ఇద్దరికి మాత్రమే చోటుగల ఈ పొట్టి బండి మన పల్లెబాటలకు తగినది కాదు. ఐనను నూతిగట్టున ఆయిలింజను బిగించి పదేండ్లు నడిపిన పెద్దలకు దీని కష్టసుఖములు క్రొత్తగా తోచవు.

దీని ఇంజను ముందుభాగమున నుండదు. ఆసనముల వెనుక అడ్డముగా నమర్పబడినది. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరుసలుగా నుండును. ఇంజను కొలత 2926 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు ఏడువేల చుట్లకు మించి తిరుగగలదు. సిలిండరు లోనికి గాలియు పెట్రోలును వచ్చుటకు, పొగ వెలుపలికి పోవుటకు వాల్వులు కలవు. ఈ వాల్వులను తగిన క్షణమున తెఱచునవి నాలుగు క్యాము షాఫ్టులు. ఆ షాఫ్టులను త్రిప్పునవి రెండు రబ్బరు బెల్టులు, వరుసకొకటి. బెల్టు లోపలివైపున పళ్ళుండును గనుక అది పిండిమర బెల్టువలె జాఱదు.

ఈ కారు ప్రాణమంతయు ఆ రెండు బెల్టులలో నున్నది. పిస్టను పైకి వచ్చు వేళకు వాల్వు క్రిందికి దిగియుండరాదు. ఈ రెంటికిని వంతు తప్పకుండ చూచునది బెల్టే. అది తెగినను, కొన్ని పళ్ళు దాటినను, పిస్టను వచ్చి వాల్వును కొట్టును. వాల్వులు వంగును, ఒక్కొకప్పుడు పిస్టను సైతము పగులును. అంతట ఇంజనునంతయు విప్పవలసినదే. ఆ ఖర్చుతో బెల్టులు ఎన్నిమార్లు మార్చుకొనవచ్చునో లెక్కించుట కూడ వృథా. తెగబోవు బెల్టు ముందుగా మూలుగదు, అరవదు. పైకి నిగనిగలాడుచునే యుండును.

ఇచ్చట యజమానులు కొందఱు ఒక వాదము చేయుదురు: "నా కారు అయిదేండ్లలో వేయి మైళ్ళయినను తిరుగలేదు, బెల్టు క్రొత్తదే కదా" అని. ఇది పొరపాటు. రబ్బరు తిరుగుటచే అరుగును, నిలుచుటచే ఎండును. బండి షెడ్డులో నున్నను బెల్టు బిగువుగానే యుండును, ఒకే చోట వంగియే యుండును. కావున మైళ్ళతో నిమిత్తము లేక మూడు మొదలు అయిదేండ్లలోపల దానిని మార్చుట మంచిది. బెల్టును బిగించి పట్టు కప్పీల బేరింగులను కూడ అప్పుడే మార్చవలెను. బేరింగు పట్టివేసినచో క్రొత్త బెల్టు కూడ తెగును.

రెండవ భయము నిప్పు. 1980 వఱకు వచ్చిన ఈ కార్లకు నాలుగు వెబరు కార్బ్యురేటర్లుండెను. అవి వేడియెక్కిన ఇంజను నడినెత్తిన కూర్చుండును. వానికి పెట్రోలు తెచ్చు రబ్బరు గొట్టములు ఏండ్లు గడచిన కొలది బిరుసెక్కి పగులును. ఇప్పటి పెట్రోలులో పలుచోట్ల ఎథనాలు కలుపుచున్నారు. పాతకాలపు రబ్బరుకు అది సరిపడదు. ఒక్క బొట్టు కాఱినను మంట లేవవచ్చును. ఎథనాలునకు తాళు క్రొత్త గొట్టములు వేయించుట పెద్ద వ్యయము కాదు. ఈ పని చేయింపక, రంగు మెఱుగు పెట్టించుకొను యజమానిని ఏమనవలెనో నాకు తోచదు.

విగ్రహమునకువలె ముసుగువేసి కారును నెలల తరబడి నిలుపువారు దానిని కాపాడుచున్నామని తలంతురు. నిలిచిన బండిలో రబ్బరు బిళ్ళలెండి నూనె కాఱును, పెట్రోలు జిగురగును, బ్యాటరీ చచ్చును. అప్పుడప్పుడు అయిదు నిమిషములు ఇంజను తిప్పి ఆపుటయు మేలు కాదు. లోపల పుట్టిన చెమ్మ ఆఱుటకు అంత వేడి చాలదు. రెండు మూడు వారములకొకమారు అరగంట సేపు బాటమీద నడిపిన బండియే ఆరోగ్యముగా నుండును.

నడుపుటయందును ఓర్పు వలయును. చల్లని నూనె చిక్కగా నుండును గనుక వేడిముల్లు కదలువఱకు ఇంజనును పరుగెత్తింపరాదు. చల్లగానున్నప్పుడు రెండవ గేరు మొండికేయుట ఈ కారునకు పుట్టుగుణము. అనుభవజ్ఞులు దానిని బలవంతపెట్టక, మొదటి గేరునుండి మూడవదానికి పోయి, నూనె కాగిన పిమ్మట రెండవది వాడుదురు.

బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చును, రెండేండ్లకొకమారు మార్చవలెను. రేడియేటరు ముందు, ఇంజను వెనుక నుండుటచే నీటి గొట్టములు పొడుగైనవి; నీరు మార్చినప్పుడు వానిలో గాలి చిక్కకుండ చూడవలెను. టైరు పళ్ళు చూచి మోసపోరాదు. 2000 సంవత్సరము నుండి వచ్చిన టైర్ల ప్రక్కన నాలుగంకెలుండును. మొదటి రెండును వారమును, కడపటి రెండును సంవత్సరమును తెలుపును.

ఇట్టి కారును కొనగోరువాడు మైళ్ళమీటరును తరువాత చూడవచ్చును. ముందుగా బెల్టులు మార్చిన బిల్లును అడిగి, దానిపైని తేదీ చదువవలెను. బిల్లు లేకపోయినను, తేదీ అయిదేండ్లు దాటినను, ఇంజను కదిలింపక, బండిని లారీమీదికెక్కించి తిన్నగా మరమ్మతుశాలకు చేర్పవలెను.