మలుపు కాడ బండి మెల్లగా

వరంగల్ నుంచి ములుగు మీదుగా పోతే పస్రా వస్తుంది. పస్రా దాటితే తాడ్వాయి అడవి. అక్కడి నుంచి మేడారం పోయే తొవ్వ అడవి మధ్యలోనే పోతుంది. ఈ ఊళ్లు 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేవి. 2019 నుంచి ములుగు జిల్లాలో ఉన్నాయి.

మేడారంలో రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతర జరుగుతుంది. ఒకప్పుడు జనం ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవారు. ఇప్పుడు మోటారు సైకిల్ మీద పోయేవారూ ఉన్నారు. భర్త నడుపుతాడు. భార్య వెనక కూర్చుంటుంది. అమ్మలకు ఇచ్చే బెల్లం మూట ఒళ్లో ఉంటుంది. ఆ బెల్లాన్నే బంగారం అంటారు. మరి మనిషి ప్రాణం అంతకన్నా పెద్ద బంగారం కదా!

మలుపులో బండి ఎందుకు జారుతుంది?

జొన్న చేలో పిట్టలను కొట్టే వడిసెల చాలామందికి తెలుసు. తాడు పట్టుకున్నంతసేపు రాయి గుండ్రంగా తిరుగుతుంది. తాడు కొస వదిలితే రాయి తిన్నగా దూసుకుపోతుంది. మలుపులో బండి కూడా అంతే. టైరుకూ రోడ్డుకూ ఉన్న పట్టే బండికి తాడు. ఆ పట్టు తప్పితే బండి మలుపు తిరగదు. తిన్నగా చెట్ల మీదికి పోతుంది.

ఒక మలుపులో 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నారనుకోండి. అదే మలుపులో 40 వేగంతో పోతే ఎంత పట్టు కావాలి? రెండింతలు కాదు, నాలుగింతలు కావాలి. అందుకే కొంచెం వేగం పెరిగినా ప్రమాదం చాలా పెరుగుతుంది.

అడవి తొవ్వలో ఆ పట్టు ఇంకా తగ్గుతుంది. వానకు ఇసుక కొట్టుకొస్తుంది. ఆకులు రాలి తడిసి ఉంటాయి. చెట్లు అడ్డం ఉండి ఎదురుగా వచ్చే బస్సు కనబడదు. పశువులు, కోతులు అడ్డం వస్తాయి. అందుకని మలుపు రాకముందే వేగం తగ్గించాలి. హారన్ కొట్టాలి. ఎడమ పక్కనే పోవాలి. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే బండి జారిపోతుంది.

వెనక కూర్చున్నవారు ఏం చేయాలి?

మలుపులో బండి ఒక పక్కకు వంగుతుంది. భయపడి రెండో పక్కకు వంగకూడదు. బండి ఎటు వంగితే అటే, నడిపేవారితో పాటే వంగాలి. చీర కొంగు, చున్నీ నడుముకు చుట్టి దోపుకోవాలి. అవి చక్రంలో చిక్కుకుంటే మనిషిని కిందికి లాగేస్తాయి. వెనక చక్రానికి చీర పడకుండా జాలీ ఉండాలి. వీలైతే అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవాలి. ఒకే పక్కకు కూర్చుంటే బరువు ఒక దిక్కే పడుతుంది. మూట ఒళ్లో పెట్టుకుంటే పట్టుకోవడానికి చేతులుండవు. దాన్ని బండికి గట్టిగా కట్టాలి.

హెల్మెట్ నడిపేవారికే అనుకుంటారు. అది తప్పు. బండి పడితే ఇద్దరి తలలూ నేలకే తగులుతాయి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఉండాలని 2019లో చట్టంలో చేర్చారు. నడిపేవారి వెనక ఒక్కరే కూర్చోవాలని 1988 మోటారు వాహనాల చట్టంలో ఉంది.

పిల్లాజెల్లా అంతా పోవాలంటే బస్సు మేలు. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. తెలంగాణలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో మొదలైంది.

“జర మెల్లగ నడుపుండ్రి” అని చెప్పడానికి చాలామంది ఆడవారు వెనకాడతారు. బండి నడిపేది ఒకరే. కానీ పడితే ఇద్దరూ పడతారు. కాబట్టి చెప్పే హక్కు వెనక కూర్చున్నవారికీ ఉంది.

చర్చించండి:
1. మీ ఊరి తొవ్వలో ప్రమాదమైన మలుపులు ఎక్కడ ఉన్నాయి?
2. మీ ఇంట్లో హెల్మెట్లు ఎన్ని ఉన్నాయి? బండి మీద ఎందరు పోతారు?