సేనలు వచ్చుట, సేనలు పోవుట



ఎకరము చేను కౌలున కిచ్చువాడు మూడు మాటలు వ్రాయింపక చీటి పుచ్చుకొనడు. ఏ పైరునకు, ఎన్ని యేండ్లకు, చేను తిరిగి యెప్పుడు స్వాధీనము చేయవలెను? ఈ మూడును లేని చీటిని జూచి వెనుకటి కరణములు నవ్వెడివారు. కాని రాజ్యము లేలువారు పరసేనలను తమ నేలమీదికి రప్పించునపుడును, తమ సేనలను పరుల నేలకు బంపునపుడును మొదటి మాట నెట్లో వ్రాయుదురు. తక్కిన రెండును మరతురు. ఇందునకు నిదర్శనము మన విశాఖపట్టణముననే కలదు.

నేడు ఓడరేవును ఉక్కు కర్మాగారమును గల యీ పట్టణము 1757 నాటికి ఇంగ్లీషువారి చిన్న వర్తకపు కొఠీ గల రేవు. ఉత్తర సర్కారు లప్పుడు ఫ్రెంచివారి చేతిలో నుండెను. సలాబత్ జంగు తన కొలువులోని ఫ్రెంచి సేనల జీతముల నిమిత్తము 1753లో ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారుల యాదాయమును బుస్సీకి వదలిపెట్టి యుండెను. ఆ యేర్పాటును కొంచెము విచారింపుడు. సేన యున్నంతకాలము జీతము ముట్టవలెను; జీతమునకై నేల తన చేతిలో నున్నంతకాలము సేన కదలదు. ఇట్టి పనికి ముగింపెక్కడిది? 1757 జూనులో బుస్సీ విశాఖపట్టణపు కొఠీని గూడ పట్టుకొనెను.

ఫ్రెంచివారిని వెడలగొట్టవలెనని విజయనగర ప్రభువు పూసపాటి ఆనందగజపతిరాజు 1758లో విశాఖపట్టణమును వారినుండి గైకొని, ఇంగ్లీషువారికి వర్తమాన మంపెను. వంగదేశమునుండి క్లైవు పంపగా కర్నల్ ఫోర్డు సేనతో నోడలమీద వచ్చి యిచ్చట దిగెను. రాజునకును ఫోర్డునకును ఒడంబడిక జరిగెను. రాజు తెలివితక్కువవాడని యెవరును తలంపరాదు. కొల్లసొమ్ము చెరిసగము, లోపలి దేశము రాజుది, రేవులు కుంపిణీవి, సేనఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలు, ఒకరిని విడిచి మరియొకరు సంధి చేసికొనరాదు. ఇంత జాగ్రత్తగా వ్రాసికొనిరి. ఫ్రెంచివారు పోయినపిమ్మట ఫోర్డు సేన యెప్పుడు పోవలెనన్న సంగతిమాత్ర మందు లేదు. నెలజీతము వ్రాసిరి గాని యెన్ని నెలలో వ్రాయలేదు.

1758 డిసెంబరులో చందుర్తి కడ ఫ్రెంచివా రోడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట పడెను. మే 14వ తేదీన సలాబత్ జంగు ఇంగ్లీషువారితో సంధి చేసికొనెను. అందు గడువు లేకపోలేదు: ఫ్రెంచి సేనలను 15 దినములలో తన దేశమునుండి దాటింపవలెనని స్పష్టముగా వ్రాసిరి. పొమ్మనవలసిన సేనకు దినములు లెక్కించిరి. పొమ్మన్న సేనకు లెక్కయే లేదు.

తరువాతి కథ మీకు తెలిసినదే. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా. 1766లో నిజామలీతో సంధి. ఏటేట కొంత పేష్కస్సు చెల్లించునట్లు ఏర్పాటు. 1823లో కుంపిణీవారు ఆ పేష్కస్సును గూడ ఒక్కసారిగా సొమ్మిచ్చి తీర్చివేసిరి. కౌలుదారు శిస్తు ఎగవేయక, శిస్తు మాటయే లేకుండ చేసి భూస్వామి యయ్యెను!

ఈ మధ్య జరిగిన దొకటి యున్నది. ఆనందరాజు పిమ్మట దత్తతకు వచ్చి గద్దె నెక్కిన చినవిజయరామరాజును, పేష్కస్సు బాకీల తగవులో, విజయనగరము విడిచి మచిలీపట్టణమునకు పొమ్మని కుంపిణీవా రాజ్ఞాపించిరి. ఆయన పోలేదు, తన వారితో పద్మనాభమునకు వెడలెను. 1794 జూలై 10వ తేదీన, ఆ కొండ దిగువను, కుంపిణీ సేన యాయనను బంధుమిత్రులతో గూడ సంహరించెను. పూర్వప్రభువు పిలిచి, నెలకింత యని జీతమిచ్చి పోషించిన దొరతనముయొక్క సేనయే యది. పిలిచిన నాటికిని ఆనాటికిని ముప్పదియారేండ్లు.

"శత్రువును వెడలగొట్టుట", "శాంతిని నిలుపుట" యను మాటలు వినుటకు బాగుండును గాని, పని యెప్పుడు తీరినదో వానినిబట్టి తేల్చుట కష్టము. ఫలానా కోట వశమగుట, ఫలానా యెన్నిక జరుగుట, ఇన్ని తుపాకు లప్పగింపబడుట – ఇవి యెవరైనను చూచి, తీరినవి, తీరలేదు అని చెప్పదగినవి. ఆ చెప్పువా రెవరో కూడ ముందే వ్రాయవలెను. సేనాపతికే విడిచినచో ఇంకను కొంత పని మిగిలియున్నదనియే యాతడు తలంచును. అది యాతని వృత్తి, తప్పు పట్టనక్కరలేదు.

పరుల మాటయే చెప్పి యూరకుండుట న్యాయము గాదు. మన సేన పోయిన సందర్భమును గలదు. 1987 జూలై 29వ తేదీన భారతదేశమునకును శ్రీలంకకును ఒడంబడిక యయ్యెను. యుద్ధము 48 గంటలలో నిలుపవలెను. అటుపిమ్మట 72 గంటలలో తమిళ సాయుధులు ఆయుధము లప్పగింపవలెను. గంటలతో గడువులు! శాంతిని కాపాడుటకై పోయిన భారతసేన తిరిగి వచ్చుటకు మాత్రము తేదీ లేదు. ఆయుధములు పూర్తిగా రాలేదు. అక్టోబరునాటికి కాపాడ బోయిన సేనయే పోరు సల్పవలసి వచ్చెను. వేయిమందికి పైగా మన జవానులు మడిసిరి. అచ్చటి తమిళ ప్రజలును మిక్కిలి కడగండ్ల పాలైరి.

1989 జూన్ 1న శ్రీలంకాధ్యక్షుడు ప్రేమదాస, జూలై ఆఖరునాటికి సేన పోవలెనని బహిరంగముగా కోరెను. ఆ తేదీ యొకపక్షమువారు పెట్టినది. మనవా రంగీకరింపలేదు, మాట పెరిగెను. సెప్టెంబరు 18వ తేదీన ఇరుపక్షములు కూర్చుండి వ్రాసికొన్న పిమ్మటనే దారి కనబడెను: దాడులు నిలుపుట, డిసెంబరు 31లోగా సేనలను మరలించుటకు సర్వప్రయత్నములు చేయుట. ఆ గడువును దాటిపోయినది. ఢిల్లీలో ప్రభుత్వము మారి, 1990 మార్చి 31 అని మరల తేదీ నిర్ణయమయ్యెను. ఈసారి యందరును దానినే చూచుచు పని చేసిరి. మార్చి 24వ తేదీన, గడువునకు వారము ముందే, కడపటి దళము తిరుకోణమల రేవున నోడ యెక్కెను.