సెల్ఫ్ డిస్మిస్ అనే బూచి

సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద మండలంలోని ఊళ్లూ తండాల నుంచి బతుకుదెరువుకు జహీరాబాద్, బీదర్, పటాన్‌చెరు దారి పట్టినవాళ్లు పండక్కి ఇంటికొచ్చేటప్పుడు ఒక మాట కూడా మోసుకొస్తుంటారు. ‘మేనేజ్‌మెంట్ మీద కంప్లైంట్ పెట్టి నాలుగు రోజులు డ్యూటీకి పోకుంటే నౌకరీ దానంతటదే పోతది. నిన్నెవరూ తీసెయ్యలే, నువ్వే పోగొట్టుకున్నవ్.’ దీనికి పెట్టిన ముద్దుపేరు సెల్ఫ్ డిస్మిస్. చట్టం చదవనివాళ్లు ఇదే చట్టమని నమ్ముతున్నారు. చదివినవాళ్లలో కొందరు నమ్మనిస్తున్నారు.

ఈ మాట ఊరూరికీ పాకింది 2019 అక్టోబరులో. 26 డిమాండ్లతో ఆర్టీసీ కార్మికులు 5వ తేదీన సమ్మెకు దిగారు. ఆ సాయంత్రం ఆరింటిలోగా డ్యూటీలో చేరనివాళ్లంతా తమను తాము తొలగించుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. నారాయణఖేడ్ డిపో సహా రాష్ట్రమంతటా దాదాపు 48 వేల మంది ఒక్క పూటలో ‘మాజీలు’ అయిపోయారు. ఛార్జిషీటు లేదు, విచారణ లేదు, పేరు రాసిన కాగితం ముక్కయినా లేదు. సెప్టెంబరులో చేసిన పనికి జీతం కూడా అందలేదు. ఉద్యోగం నిజంగానే పోయిందని నమ్మిన ఇళ్లలో ఏం జరిగిందో తెలంగాణ చూసింది. ఖమ్మంలో ఒక డ్రైవర్ ఒంటికి నిప్పంటించుకుని మర్నాడు కన్నుమూశాడు.

నిజానికి ఆ ‘డిస్మిస్’ ఏమైంది? నవంబరు 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. మర్నాడు డిపోలకు వెళ్లినవాళ్లను గేటు దగ్గరే ఆపారు. 29న మాత్రం అందరూ డ్యూటీ ఎక్కారు. సమ్మె రోజుల జీతం కూడా ఇస్తామని డిసెంబరు 1న అదే ముఖ్యమంత్రి చెప్పారు. తమను తాము తీసేసుకున్నవాళ్లు తమను తామే మళ్లీ నియమించుకున్నారు కాబోలు!

ఈ ముచ్చటకు సుప్రీంకోర్టు అంతకు పాతికేళ్ల ముందే జవాబు చెప్పింది. డి.కె. యాదవ్ వర్సెస్ జేఎంఏ ఇండస్ట్రీస్ కేసులో 1993లో వచ్చిన తీర్పు అది. ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా మానేస్తే ఉద్యోగం దానంతటదే రద్దవుతుందని ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలోనే రాసి ఉంది. కార్మికుడి వాదన వేరు. 1980 డిసెంబరు 3 నుంచి రోజూ వస్తూనే ఉన్నా, గేటు లోపలికి రానివ్వలేదని, హాజరు పట్టీలో సంతకం పెట్టనివ్వలేదని అతను చెప్పాడు. గేటు మూసేది వాళ్లే, రాలేదని రాసుకునేదీ వాళ్లే! తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన తెలుగువారే. స్టాండింగ్ ఆర్డర్లలో ఉన్నా సరే, సంజాయిషీ అడగకుండా, విచారణ జరపకుండా తొలగించడం సహజ న్యాయానికి విరుద్ధమని కోర్టు తేల్చింది. ఉద్యోగం, సగం బకాయి జీతం ఇప్పించింది. రాసి ఉన్న నియమానికే దిక్కు లేనప్పుడు, సూపర్‌వైజర్ నోటిమాటకు ఎంత విలువుంటుందో లెక్క కట్టుకోవచ్చు.

ఇక ఫిర్యాదు చేసినందుకే తీసేయడం. కక్షతో తొలగించడం, పారిశ్రామిక వివాదంలో యజమానికి వ్యతిరేకంగా ఫిర్యాదు చేశాడనో సాక్ష్యం చెప్పాడనో పంపేయడం అన్యాయమైన కార్మిక విధానాల కిందికి వస్తాయి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఇదే ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే ఉంది. ఇదే సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలి యాభై మందికి పైగా బలయ్యారు. యంత్రాలు పాతబడ్డాయని కార్మికులు చెప్పినా యాజమాన్యం పట్టించుకోలేదన్నది పోలీసులకు అందిన ఫిర్యాదులోని ఆరోపణ. అది రుజువు కావాల్సిన మాటే. కానీ చెప్పినా వినని చోట నోరెత్తితే నౌకరీ పోతదన్న భయం కూడా తోడైతే అది ఎక్కడిదాకా తీసుకుపోగలదో ఆలోచించడానికి రుజువు కోసం ఆగక్కర్లేదు.

చిల్లర అపోహలు ఇంకా ఉన్నాయి. యూనియన్ లేనిదే కేసు లేదన్న మాట 1965లోనే చెల్లిపోయింది, తొలగించిన ఒక్క కార్మికుడైనా తన వివాదం తానే నడుపుకోవచ్చు. అపాయింట్‌మెంట్ లెటర్ లేకపోతే ఈఎస్ఐ కార్డు, గేట్ పాస్, బ్యాంకులో పడ్డ జీతం సాక్ష్యం చెబుతాయి. నౌకరీతో పాటు పీఎఫ్ కూడా పోతదన్న భయం అక్కర్లేదు, ఆ డబ్బు ఓనర్ జేబులో ఉండదు. ‘లెక్క తర్వాత చూద్దాం’ అనడానికీ లేదు, తీసేసిన రెండు పనిదినాల్లో రావాల్సిన జీతం చేతికి రావాలి.

ఒక్క విషయంలో మాత్రం పుకారు రాయుళ్లకు సగం మార్కులు వేయక తప్పదు. సమ్మె ప్రాథమిక హక్కు కాదు, తమిళనాడు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 2003లో ఆ మాటే అంది. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ల సంగతి మరీ నాజూకు. ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లు సర్కారు ఇచ్చిన 4779 నంబరు సర్క్యులర్‌ను వ్యతిరేకిస్తూ 2020 మార్చిలో సమ్మె చేస్తే, ఏడు వేల మందికి పైగా ఇంటికెళ్లారు. తిరిగి తీసుకుంటామన్న ప్రకటన అసెంబ్లీలో 2022 మార్చిలో గానీ రాలేదు. అదీ కోర్టు ఇప్పించింది కాదు, సర్కారు దయ తలచింది. పైన చెప్పిన యాదవ్‌కైనా తీర్పు చేతికొచ్చేసరికి పన్నెండేళ్లు దాటాయి. హక్కు ఉండటం వేరు, అది అందేదాకా ఇల్లు గడవడం వేరు.

అందుకే గడువు పోగొట్టుకోవద్దు. కొత్త కోడ్ ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లు దాటాక కార్మిక శాఖ అధికారి రాజీ ప్రక్రియ చేపట్టరు. పాత చట్టంలో నేరుగా కోర్టుకెక్కడానికి మూడేళ్లుండేది, ఆ లెక్క చెప్పే పెద్దమనుషుల మాట వినకూడదు. రాజీ కుదరకపోతే అధికారి నివేదిక ఇస్తారు, అది అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. దుకాణాల్లో, హోటళ్లలో ఆరు నెలలు దాటి పనిచేస్తున్నవాళ్లకు రాష్ట్రంలో 1988 నాటి దుకాణాల చట్టం ఉంది. సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా వాళ్లను పంపేయడానికి వీల్లేదు. వకీలుకు డబ్బుల్లేవని ఆగిపోవాల్సిన పనీ లేదు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

గేటు దగ్గర ఆపిన రోజున అక్కడ గొడవపడి వెనక్కి రావడం కంటే, ‘ఈ తేదీన డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు’ అని నాలుగు వాక్యాలు రాసి పోస్టులో పంపడం మేలు. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు నుంచి స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్‌లో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు అని అడిగి రసీదు తీసుకోవాలి. ఉత్తరం కాపీని, ఆ రసీదును ఫోన్‌లో ఫొటో తీసుకుని, అసలు కాగితాలను ఇంట్లో పట్టాదారు పాసుపుస్తకం పెట్టే చోటే పెట్టాలి.