లోయర్ చేసిన కారుకు వీల్ స్పేసర్లు: ఎన్ని మిల్లీమీటర్లు, ఏ రకం? కొనే ముందు ఇవి చూసుకోండి

స్ప్రింగులు మార్చి కారును కిందికి దించాక చక్రాలు ఫెండర్ లోపలికి నక్కినట్టు కనిపిస్తాయి. దాంతో చాలామంది చూపు స్పేసర్ల మీద పడుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతాయి. కానీ ఇది ఫోన్‌కు బ్యాక్ కవర్ కొన్నంత తేలిక కాదు. ఇక్కడ తేడా వస్తే రోడ్డు మీద చక్రమే ఊడిపోవచ్చు. అందుకే ఏది, ఎంత, ఎలా అన్నది చూద్దాం.

స్పేసర్ ఏం చేస్తుంది?

హబ్‌కీ చక్రానికీ మధ్య పెట్టే అల్యూమినియం బిళ్ల ఇది. దాని మందం ఎంతో, చక్రం అంత బయటికి వస్తుంది. అల్లాయ్ వెనక ఈటీ45 లాంటి అంకె ఉంటుంది, అదే ఆఫ్‌సెట్. 15 మి.మీ. స్పేసర్ వేస్తే అది ఈటీ30తో సమానం.

అల్లాయ్స్ ఇప్పటికే మార్చి ఉంటే లెక్క మారుతుంది. ఉదాహరణకు 5.5 అంగుళాల ఈటీ45 తీసి 7 అంగుళాల ఈటీ40 వేశారనుకోండి. బయటి అంచు దాదాపు 24 మి.మీ. ముందుకొస్తుంది, లోపలి అంచు 14 మి.మీ. స్ట్రట్ వైపు జరుగుతుంది. ఇలాంటప్పుడు లుక్ కోసం స్పేసర్ అక్కర్లేదు. టైరు స్ట్రట్‌కు తగులుతుంటే మాత్రం 3–5 మి.మీ. అవసరం పడొచ్చు.

ముందు కొలత, తర్వాతే ఆర్డర్

ఖాళీ కారును కొలిచి కొనకండి. సంక్రాంతికి ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెడితే వెనక భాగం ఎంత దిగుతుందో అదీ అసలు కొలత.

1. మనుషుల్ని ఎక్కించి, తాపీ మేస్త్రీలు వాడే తూకం గుండును ఫెండర్ అంచు నుంచి వేలాడదీయండి. దారానికీ టైరు పక్క గోడకీ మధ్య దూరం కొలవండి.
2. అందులోంచి కనీసం 5 మి.మీ. తీసేయండి. మిగిలినదే మీ పరిమితి.
3. స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఫోన్ టార్చ్‌తో లోపల ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడండి.

రకాలు ఏంటి?

స్లిప్-ఆన్: సాధారణంగా 3, 5 మి.మీ. పాత స్టడ్ల మీదే తొడగాలి. నట్టు పట్టే మర ఆ మేరకు తగ్గుతుంది. ఎం12×1.25 స్టడ్‌కు నట్టు కనీసం 10 చుట్లు, ఎం12×1.5 అయితే 8 చుట్లు పట్టాలి. పట్టకపోతే పొడవు స్టడ్లు వేయించండి, లేదంటే ఆలోచన మానుకోండి.

బోల్ట్-ఆన్: మందపాటివి, సాధారణంగా 20 మి.మీ. పైన. వీటికి సొంత స్టడ్లు ఉంటాయి. కారు స్టడ్లు స్పేసర్ కంటే పొడవుగా బయటికి వస్తే చక్రం సరిగ్గా ఆనదు, ముందే చూసుకోండి.

రెండింట్లో ఏదైనా హబ్-సెంట్రిక్ రకమే తీసుకోండి. హబ్ మధ్యలో ఉండే గట్టు చక్రాన్ని నడి మధ్యలో నిలబెడుతుంది. మామూలు 5 మి.మీ. బిళ్ల ఆ గట్టును చాలావరకు మింగేస్తుంది. అప్పుడు 80 దాటగానే స్టీరింగ్ వణకొచ్చు.

మూడు అంకెలు కలవాలి

పీసీడీ, సెంటర్ బోర్, థ్రెడ్. స్విఫ్ట్‌కు 4×100, 54.1 మి.మీ., ఎం12×1.25. ఐ20కి 4×100, 54.1 మి.మీ., కానీ ఎం12×1.5. చూడ్డానికి రెండూ ఒకటే, నట్లు మాత్రం వేరు. తప్పు నట్టును బలవంతంగా బిగిస్తే మర తెగిపోతుంది. పోలోకు స్టడ్లు కాకుండా బోల్టులు ఉంటాయి, కాబట్టి స్పేసర్ మందం ఎంతో అంత పొడవు ఎక్కువ ఉన్న బోల్టులు కొనాలి. పోత పోసినవి వద్దు, ఫోర్జ్‌డ్ 6061-టీ6 అల్యూమినియం అడగండి. డెలివరీ రాగానే డిజిటల్ వెర్నియర్‌తో కొలిచి చూడండి.

బిగింపు

హబ్ మీద తుప్పు గీకకుండా స్పేసర్ పెట్టొద్దు. ఎయిర్ గన్‌తో బిగించి వదిలేయకండి. ఓనర్స్ మాన్యువల్‌లోని టార్క్‌కు, టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్ల వరసలో బిగించాలి. సామర్లకోట నుంచి రాజమండ్రి వెళ్లి వస్తే సుమారు 100 కి.మీ. ఆ ట్రిప్ అవ్వగానే మళ్లీ చెక్ చేయండి. బోల్ట్-ఆన్ అయితే చక్రం విప్పి లోపలి నట్లు కూడా చూడాల్సిందే.

మన రోడ్ల సంగతి

ఏడీబీ రోడ్డు మీద బరువు లారీలు, కెనాల్ రోడ్డు మీద ఊరూరా స్పీడ్ బ్రేకర్లు. లోయర్ చేసిన కారుకు సస్పెన్షన్ ప్రయాణం ముందే తక్కువ. చక్రం బయటికొచ్చిన కొద్దీ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో పక్కకు లాగుతుంది. వానాకాలం రేగడి బురద డోర్ల నిండా చిమ్ముతుంది.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గరా ప్రశ్నలు వస్తాయి.

మా మాట

టైరు లోపల తగులుతుంటే సన్నని హబ్-సెంట్రిక్ స్పేసర్ ఆలోచించొచ్చు. కేవలం లుక్ కోసమే అయితే, సరైన ఆఫ్‌సెట్ ఉన్న అల్లాయ్స్ ఎంచుకోవడం మేలు. కుటుంబమంతా ఎక్కే ఒకే కారు అయితే స్పేసర్ల జోలికి వెళ్లకండి.