లంగరు బోయా: ఉష్ణమండల సముద్రాల మీద నిలిచిన యంత్రం

భూమధ్యరేఖకు అటూ ఇటూ పరుచుకున్న సముద్రాల వాతావరణాన్ని ముందుగా చెప్పడం ఉత్తర అట్లాంటిక్ వాతావరణాన్ని చెప్పడం కన్నా కష్టం. అందుకు ఒక కారణం భూభ్రమణంలోనే ఉంది. తిరుగుతున్న భూమి మీద కదిలే గాలి పక్కకు మళ్లుతుంది; ఈ మళ్లింపును కొరియోలిస్ ప్రభావం అంటారు; అది ధ్రువాల వైపు బలంగా ఉండి భూమధ్యరేఖ వద్ద సున్నా అవుతుంది. మధ్య అక్షాంశాలలో ఈ ప్రభావానికీ వాయుపీడన వ్యత్యాసానికీ సమతుల్యం కుదురుతుంది కాబట్టి, పీడన పటం చేతిలో ఉంటే గాలి ఏ దిశలో ఎంత వేగంతో వీస్తున్నదో చాలామటుకు లెక్కగట్టవచ్చు. భూమధ్యరేఖ దాపున ఆ లెక్క పనిచేయదు. గాలిని అది వీచే చోటనే కొలవాలి. అంతేకాక, ఉష్ణమండలంలో తుపానులకు బలమిచ్చేదీ రుతుపవనాల నడకను మార్చేదీ సముద్రంలో దాగి ఉన్న వేడి కనుక, గాలితోపాటు నీటి లోపలి ఉష్ణోగ్రతను కూడా అదే చోట, అదే సమయంలో తెలుసుకోవాలి. నాలుగైదు వేల మీటర్ల లోతు నీటి మీద ఏడాది పొడవునా నిలిచి ఈ రెండు పనులూ చేసే బాధ్యత చివరకు లంగరు వేసి ఉంచిన ఒక తేలే యంత్రానికి దక్కింది. దానిని బోయా అంటారు.

1970ల దాకా ఈ సముద్రాల సమాచారం చాలావరకు వర్తక నౌకల ద్వారానే వచ్చేది. నౌకలు తమ దారిన తాము పోతాయి, తుపాను ఉన్న చోటికి కావాలని ఏ కెప్టెనూ వెళ్లడు. అందువల్ల సమాచారం అన్నిటికన్నా అవసరమైన చోటనే పటం ఖాళీగా మిగిలేది. 1970ల ద్వితీయార్ధంలో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ హాల్పెర్న్ పసిఫిక్ భూమధ్యరేఖ ప్రాంతంలో లంగరు వేసిన పరికరాలు నెలల తరబడి నిలవగలవని చూపాడు. అయితే కొలతలు ఆ పరికరాలలోనే నమోదై ఉండేవి, నౌక తిరిగి వెళ్లి వాటిని పైకి తీసేదాకా ఎవరికీ తెలిసేవి కావు. గడిచిన దానిని అధ్యయనం చేయడానికి అది చాలు గానీ, రేపటి సంగతి చెప్పడానికి చాలదు.

ఈ లోటు ఎంత పెద్దదో 1982లో బయటపడింది. మామూలుగా పసిఫిక్ మీద తూర్పు నుంచి పడమరకు వీచే వ్యాపార పవనాలు వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు నెట్టి ఉంచుతాయి. ఆ గాలులు సడలినప్పుడు వెచ్చని నీరు పెరూ వైపు మళ్లి, ప్రపంచంలో అనేకచోట్ల వానల క్రమాన్ని తారుమారు చేస్తుంది. దీనినే ఎల్ నినో అంటారు. 1982-83లో వచ్చినది ఇరవయ్యో శతాబ్దపు అతి తీవ్రమైన ఎల్ నినోలలో ఒకటి అయినా, అది బాగా ముదిరేదాకా నిపుణులు దానిని పోల్చుకోలేకపోయారు. 1982 వసంతంలో మెక్సికోలోని ఎల్ చిచోన్ అగ్నిపర్వతం పేలి, దాని పొగ ఎగువ వాతావరణంలో సన్నని కణాల తెరను పరచగా, ఉపగ్రహాలు ఆ తెర గుండా చూసి సముద్రాన్ని ఉన్నదాని కన్నా చల్లగా చూపించాయి. ఆకాశం నుంచి వచ్చే కొలత ఒక్కదాని మీదే ఆధారపడితే ఏమవుతుందో శాస్త్రలోకానికి ఇంతకన్నా స్పష్టంగా చెప్పగల పాఠం మరొకటి లేదు.

దాని ఫలితంగా 1985లో మొదలై పదేళ్లపాటు సాగిన అంతర్జాతీయ పరిశోధన పథకానికి వెన్నెముకగా నిలిచినది అట్లాస్ అనే బోయా. సియాటిల్‌లోని పసిఫిక్ సముద్ర పర్యావరణ ప్రయోగశాలలో ఇంజనీరు హ్యూ మిల్బర్న్ బృందం దానిని రూపొందించింది. తొలి నమూనా 1984 చివర నీటిలోకి దిగింది. 2.3 మీటర్ల వ్యాసంతో, నురగ పదార్థం మీద ఫైబర్‌గ్లాస్ కప్పి చేసిన గారె ఆకారపు తేలు, దాని మీద ఒక లోహపు గోపురం, గోపురం మీద నాలుగు మీటర్ల ఎత్తున గాలిమాపకం, కాస్త దిగువన గాలి ఉష్ణోగ్రతనూ తేమనూ కొలిచే పరికరాలు: పైకి కనిపించేది ఇంతే. నీటి కింద, ప్లాస్టిక్ తొడుగు వేసిన ఉక్కు తాడుకు 500 మీటర్ల లోతు దాకా పది చోట్ల ఉష్ణోగ్రత మాపకాలు ఉంటాయి. ఆ కింద అడుగుదాకా నైలాన్ తాడు సాగుతుంది. నైలాన్‌కు సాగే గుణం ఉంది కాబట్టి మొత్తం తాడును సముద్రపు లోతు కన్నా కొంచెం పొట్టిగా కత్తిరించి బిగువుగా నిలుపుతారు. అప్పుడు బోయా ఎక్కువ దూరం కొట్టుకుపోదు, మాపకాలు తమ తమ లోతులు దాదాపుగా తప్పవు. అడుగున లంగరుగా పడేది పాత రైలు చక్రాల దొంతర, రమారమి రెండు టన్నుల బరువు. ముందు బోయాను నీటిలోకి వదిలి, తాడంతా పరిచి, లంగరును అన్నిటికన్నా చివర జారవిడుస్తారు. ఏడాది తరువాత నౌక వచ్చి ధ్వని సంకేతం పంపితే లంగరు దగ్గరి కొక్కెం విడిపోతుంది. బోయా, తాడు నౌక మీదకు చేరతాయి, చక్రాలు మాత్రం సముద్రగర్భంలోనే ఉండిపోతాయి.

ఇంత సాదా నిర్మాణమే దాని బలం. ఖర్చు తక్కువ కనుకనే వాటిని ఒకటీ రెండూ కాక పదుల సంఖ్యలో వేయగలిగారు. కొలతలు ఉపగ్రహం ద్వారా ఏ రోజువి ఆ రోజే ఒడ్డుకు చేరాయి కనుకనే వాటికి విలువ వచ్చింది. ఈ వరుసను విస్తరించే పనికి నాయకత్వం వహించిన స్టాన్ హేస్ 1992లో మరణించగా, మైఖేల్ మెక్‌ఫాడెన్ దానిని కొనసాగించాడు. 1994 డిసెంబరు నాటికి పసిఫిక్ అంతటా సుమారు 70 బోయాల శ్రేణి పూర్తయింది. మూడేళ్లు తిరగకముందే మరో ఎల్ నినో రూపంలో దానికి పరీక్ష ఎదురైంది. 1997 తొలి నెలల్లో పశ్చిమ పసిఫిక్ మీద గాలులు ఎదురు దిశలో విసరగా, వాటి తాకిడికి పుట్టిన వెచ్చని అల, పైనుంచి కంటికి ఆనకుండా, ఉపరితలం కింది పొరల్లో తూర్పుకు సాగింది. కెల్విన్ తరంగం అనే ఈ అల సముద్రాన్ని దాటడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. ఆ ప్రయాణమంతా బోయాల కొలతలలో రోజురోజుకూ కనిపించింది.

హిందూ మహాసముద్రానికి ఈ యంత్రం ఆలస్యంగా వచ్చింది. భారతదేశంలో జాతీయ బోయా కార్యక్రమం 1996లో మొదలై చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ చేతిలో పెరిగింది. 2004 నుంచి భారత్, అమెరికా, జపాన్ మొదలైన దేశాలు కలిసి రామా అనే శ్రేణిని వేయసాగాయి. బంగాళాఖాతం విషయంలో ఉష్ణోగ్రతకు తోడు లవణీయతను, అంటే నీటిలోని ఉప్పు శాతాన్ని, కొలవడం తప్పనిసరి. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి నదులు మోసుకొచ్చే మంచినీరు తేలికైనది కాబట్టి ఉప్పునీటి మీద పలుచని పొరగా పరుచుకుంటుంది. మామూలు సముద్రంలో తుపాను గాలులు అడుగునున్న చల్లని నీటిని పైకి కలియదిప్పి, తమ బలాన్ని తామే కొంత తగ్గించుకుంటాయి. ఇక్కడ ఆ మంచినీటి పొర కలియతిప్పడానికి అడ్డుపడుతుంది కనుక ఉపరితలం వెచ్చగానే ఉండి తుపానుకు ఊతమిస్తుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను సాగిన దారికి దగ్గరలో ఉన్న భారత బోయా పీడనం పడిపోవడాన్ని తుపాను నడుమనుంచే నమోదు చేసింది. ఈ బోయాల సమాచారం హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం వెలువరించే అలల సూచనలను సరిచూసుకోవడానికీ పనికివస్తుంది. ఆ సూచనలలో అలల ఎత్తు మూడు మీటర్లు అని ఉంటే, అది వచ్చే అలలలో పెద్దవైన మూడో వంతు అలల సగటు మాత్రమేననీ, ఏదో ఒక అల దానికి దాదాపు రెట్టింపు ఎత్తున లేవవచ్చుననీ తీరవాసులందరూ తెలుసుకోవలసి ఉంది.

ఈ యంత్రానికి తుపాను కన్నా మనిషి పెద్ద శత్రువు. తేలే వస్తువు నీడన చేపలు చేరతాయి. చేపల కోసం మరబోట్లు వస్తాయి. బోటును బోయాకు కట్టడంతో తాడు తెగుతుంది, వలలు మాపకాలను పెకలిస్తాయి, సౌరఫలకాలు మాయమవుతాయి. రెండో శత్రువు ప్రభుత్వాల పొదుపు. పసిఫిక్ బోయాల సంరక్షణకు కేటాయించిన నౌకను అమెరికా 2012లో విరమింపజేయగా, రెండేళ్లలోపే ఆ శ్రేణి నుంచి అందే సమాచారం దాదాపు 40 శాతానికి పడిపోయింది. నౌకను ఆపి మిగిల్చిన డబ్బుకు ఆ నష్టం ఏ లెక్కన చూసినా ఎక్కువే. తరువాత కొంత కోలుకున్నా, జపాన్ తన వంతు బోయాలను క్రమంగా ఉపసంహరించుకుంది. స్వేచ్ఛగా కొట్టుకుపోతూ పది రోజులకొకసారి పైకి తేలే ఆర్గో పరికరాలు, ఉపగ్రహాలు ఉన్నాయి కదా అనే వాదన నిలవదు. గాలినీ నీటినీ ఒకే చోట, గంటగంటకూ, ఏళ్ల తరబడి కలిపి కొలిచేది లంగరు బోయా ఒక్కటే, ఉపగ్రహాల కొలతలను సరిదిద్దేదీ అదే. కాబట్టి ఆంధ్ర తీరంలోని మరబోట్ల యజమానులు, మత్స్యకార సంఘాలు నడిసముద్రంలో బోయా కనిపిస్తే దానికి బోటు కట్టవద్దనీ, దాని చుట్టూ వల వేయవద్దనీ తమ సరంగులకు వేట కాలం మొదలయ్యే ముందే గట్టిగా చెప్పాలి.