ప్రియదర్శిని పెట్టె నుంచి డ్రైవర్ లేని రైలు దాకా!

‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? తెరిచినవారికి ప్రియమైనదేదో అందులో ప్రత్యక్షమవుతుంది. శశిరేఖకు అభిమన్యుడు! కృష్ణుడికి శకుని మామ! 1957లో ఆ ఘట్టం చూసి, అలాంటి పెట్టె మనకూ ఒకటుంటేనా అని నిట్టూర్చని ప్రేమికులు ఉండి ఉండరు.

ఇప్పుడుంది కదండీ... అందరి జేబుల్లోనూ! గల్ఫ్‌లో ఉన్న భర్తను పల్లెలోని ఇల్లాలు రోజూ అందులోనే చూసుకుంటోంది. శకుని వారసులు అందులోనే పేకాట కూడా ఆడేస్తున్నారు!

ఆ చిత్రం తీసిన కె.వి. రెడ్డి మన రాయలసీమవారే, తాడిపత్రి ప్రాంతం. ఆయన ఊహించిన పెట్టెకు ఆధునిక అవతారం కూడా సీమలోనే తయారైంది. షియోమీ సంస్థ భారతదేశంలో చేయించిన మొదటి స్మార్ట్‌ఫోన్ 2015లో బయటికొచ్చింది ఎక్కడనుకున్నారు? శ్రీ సిటీలోని ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ నుంచి!

ఎక్కడిదీ శ్రీ సిటీ?

తడ దగ్గర, తమిళనాడు సరిహద్దును ఆనుకుని, మద్రాసుకు యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంది. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైంది. అప్పుడది చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. చాక్‌లెట్ల దగ్గర్నుంచి ట్రక్కుల దాకా ఇక్కడ తయారవుతాయి. కానీ మన సినిమా పిచ్చోళ్లకు అసలు ముచ్చట రైళ్లది.

డ్రైవర్ లేని రైలు! ఒకప్పుడు తెరమీద చూపిస్తే ‘కోతలు’ అని నవ్వుకునేవాళ్లం. శ్రీ సిటీలోని ఆల్‌స్టమ్ ఫ్యాక్టరీలో సిడ్నీ నగరం కోసం అలాంటివి 22 రైళ్లు తయారయ్యాయి. 2019 మే నెలలో అవి పరుగు మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియాలో అదే మొట్టమొదటి డ్రైవర్‌లెస్ మెట్రో. 2023లో కెనడాలోని మాంట్రియల్‌లోనూ ఇక్కడి రైళ్లే బయల్దేరాయి. మద్రాసు మెట్రో రెండో దశకు మొదటి డ్రైవర్ లేని రైలు 2024లో ఇక్కణ్ణుంచే వెళ్లింది.

పది... తొమ్మిది... ఎనిమిది...

“ఇందులో సినిమా చేసిందేముంది? ఇంజనీర్లు చేశారు!” అంటారా? నిజమే. ఏదో చిత్రం చూసి ఈ రైళ్లు చేశారని నేనూ అనను. కానీ తెర నుంచి తిన్నగా ప్రయోగశాలకు నడిచి వెళ్లిన సంగతులూ ఉన్నాయి. అందులో ఒకటి శ్రీ సిటీకి ఇరుగుపొరుగే!

సూళ్లూరుపేట మీదుగా పులికాట్ సరస్సు దాటితే శ్రీహరికోట. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు దేశమంతా కౌంట్‌డౌన్ వింది. ఆ వెనక్కి లెక్కించడాన్ని జనం మొదట చూసింది రాకెట్ కేంద్రంలో కాదు, సినిమా హాల్లో! జర్మన్ దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1929లో ‘చంద్రమండలంలో స్త్రీ’ అనే మూకీ తీశాడు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడితే రాకెట్ ఎప్పుడు లేస్తుందో ప్రేక్షకుడికెలా తెలుస్తుంది? అందుకని వెనక్కి లెక్కపెట్టించాడు. ఉత్కంఠ కోసం వేసిన ఎత్తు రాకెట్ శాస్త్రానికి ఆచారమైపోయింది!

ఆ చిత్రానికి సాంకేతిక సలహాదారు హెర్మన్ ఓబెర్త్. చిన్నప్పుడు జూల్స్ వెర్న్ చంద్రయాత్ర నవల చదివి రాకెట్ల వెంట పడ్డవాడు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్‌కు ఆ పిచ్చి పట్టించింది హెచ్.జి. వెల్స్ నవల. తొలి ద్రవ ఇంధన రాకెట్‌ను 1926లో ఎగరేసింది ఆయనే.

మన వెల్స్ ఎవరు?

ఇంకెవరు, సింగీతం శ్రీనివాసరావు! ‘మాయాబజార్’కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆయనే 1991లో ‘ఆదిత్య 369’ తీశారు. బాలకృష్ణ కాలయంత్రం ఎక్కి 1526లో కృష్ణదేవరాయల కొలువుకూ, ఆపైన 2504కూ వెళ్లొచ్చారు. యంత్రం చేసింది ఏ హాలీవుడ్ శాస్త్రవేత్తో కాదు, మన ప్రొఫెసర్ రామదాసు! ‘మనవాడూ చేయగలడు’ అన్న మాట కుర్రాళ్ల మనసుల్లో నాటుకున్నది అక్కడే.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ కథకూ సింగీతమే మార్గదర్శి. బుజ్జి కారు కోసం దర్శకుడు నాగ్ అశ్విన్ 2022లో ఆనంద్ మహీంద్రాను బహిరంగంగానే సాయమడిగారు. మహీంద్రా ఇంజనీర్లూ, కోయంబత్తూరు జయెం సంస్థా కలిసి ఆరు టన్నుల బండి చేసిచ్చారు. అట్టముక్కల సెట్టింగు కాదు, నిజంగా నడిచే కారు. ఊహ ఇంజనీర్లకు పని చెప్పిందన్నమాట!

ఒక్క వెలితి

అయితే ఒకటి గమనించారా? 2504లో అణుధార్మికతకు భయపడి మనుషులు భూమి అడుగున బతుకుతుంటారు. 2898లో గంగ ఎండిపోయి ఉంటుంది. మన తెర చూపించిన రేపు ఎప్పుడూ పాడైపోయిన రేపే! హెచ్చరిక వద్దని కాదు, కావాలి. కానీ ‘ఇలా చేస్తే బాగుంటుంది’ అని చెప్పే చిత్రమేదీ?

ఇది సరదా ప్రశ్న కాదండోయ్. శ్రీ సిటీలో ఫోన్లు బిగించిన చేతుల్లో ఎక్కువ భాగం ఆడపిల్లలవే. పనితనంలో వాళ్లెవరికీ తీసిపోరు. కానీ ఆ ఫోన్ గీత గీసింది చైనాలో. రైలు మూలరూపం ఫ్రెంచి కంపెనీది. బిగించేది మనం, ఊహించేది మరొకరు! ఎన్నాళ్లిలా? శ్రీ సిటీలోనే 2013 నుంచి ట్రిపుల్ ఐటీ ఉంది. చదువుకు కొదవ లేదు. కావలసింది, ‘ఇది నేనెందుకు చేయకూడదు?’ అని నిద్ర చెడగొట్టే కల.

అలాంటి కలలమ్మడం సినిమావాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పులికాట్ నీళ్లను తియ్యగా మార్చే అమ్మాయి కథో, కరువు సీమకు మబ్బును తోలుకొచ్చే కుర్రాడి కథో తీయండి బాబూ! నాలుగు పాటలు, రెండు ఫైట్లు పెట్టుకోండి, కాదనం. హాల్లో ఈలలు వేసేవాళ్లలో ఒక్కరు ఇంటికెళ్లి కాగితం మీద గీత గీసినా చాలు... ఈ సీమలో కౌంట్‌డౌన్ మొదలైనట్టే!