పొగ ఇంజన్లు ఏమైపోయాయి?

"నీ చిన్నప్పుడు బొగ్గు వ్యాగన్లు లాగిన పొగ ఇంజను ఒక్కటైనా చూపించమ్మా" అంది మా అమ్మాయి. మా కాసిపేటకు దగ్గర్లోనే కాజీపేట–బల్లార్షా లైను ఉన్నా, చూపించలేకపోయాను. ఎందుకంటారా?

స్టీలు బిందె రాగానే పాత ఇత్తడి బిందెను తూకానికి వేసేస్తాం కదా! ఇంజను సంగతీ అంతే. డబ్ల్యూజీ రకం ఇంజను ఒక్కొక్కటి 100 టన్నుల పైమాట. ఇనుము, రాగి, ఇత్తడి, అన్నీ కరిగిస్తే డబ్బే. పైగా మూలపడ్డ ఇంజను భాగాలు ఊడదీసి, నడిచేవాటికి బిగించేవారు. ఆ రకానివి 2,000కు పైగా ఉండేసరికి 'ఇవెక్కడికి పోతాయిలే' అనుకున్నారు. ఢిల్లీలో రైలు మ్యూజియం 1977లో తెరిచేసరికే ఎన్నో పాతకాలపు ఇంజన్లు కరిగిపోయాయి.

మరి 1855 నాటి ఫెయిరీ క్వీన్ ఎలా మిగిలింది? పని మానేశాక కూడా దాన్ని చూడ్డానికని స్టేషనులో, తర్వాత రైల్వే శిక్షణ పాఠశాలలో ఉంచారు గనుక. 'ఇది ఉండనీ' అని ఎవరో ఒకరు అనాలి, అంతే.

మీ ఇంట్లో ఇంజనుకు బొగ్గు వేసిన పెద్దాయన ఉంటే, ఆయన చేతిలాంతరును పాతసామాన్లవాడికి ఇవ్వకండమ్మా. ఆయన చెప్పే కబుర్లు ఇవాళే రాసిపెట్టండి. సెలవు.